కుట్టు లేని జుజ్దాన్

ఖాలా నా జుజ్దాన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చూడలేదు. ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నాలుగు మూలలూ తడిమింది. మొదటి మూల దగ్గర వేలు ఆగకుండా జారిపోయింది. రెండోదీ అంతే.

"కోనా గోల్ హోగయా రే," అంది. తర్వాత పక్కింటి వాళ్లకు కూడా వినపడేలా తెలుగులో అందుకుంది. "ఇది కలామే పాక్ పెట్టుకునే జుజ్దానా, ఇడ్లీలు పెట్టుకునే సంచా?"

మూడు ఆదివారాలు కూర్చుని అల్లాను దాన్ని. ఆఫీసులో నా హెడ్డింగులు కొట్టేసినప్పుడు కూడా ఇంత షర్మిందా కాలేదు.

జుజ్దాన్ అంటే ఏమిటో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. ఖురాన్ షరీఫ్‌కు తొడిగే గిలాఫ్. బజారులో మఖ్మల్‌వి దొరుకుతాయి, జరీ అంచులవి దొరుకుతాయి. అన్నీ మిషన్ కుట్టువే. మా ఖాందాన్‌లో మాత్రం ఒక రివాజ్ ఉంది. రుఖ్సతీ రోజు ఆడపిల్ల ఏ ఖురాన్ నీడలో గడప దాటుతుందో, ఆ ఖురాన్‌కు ఓడలరేవు ఖాలా అల్లిన జుజ్దాన్ ఉండాలి. తెల్లటి నూలు, క్రోషే సూది, పెట్టెలా పదునైన మూలలు, ఎక్కడా కుట్టు లేదు. మా ఆపాకు అలాంటిదే వచ్చింది. ఇప్పుడు ఆపా కూతురి నికాహ్ రబీఉల్ అవ్వల్‌లో. ఖాలాకు డెబ్బై దాటాయి. ఒక కంటికి మోతియా ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. చేతులకు రాషా. గ్లాసుడు చాయ్ పట్టుకుంటేనే సగం సాసర్‌లో ఉంటుంది, సన్నని నూలు ఎక్కడ పట్టుకుంటుంది?

ఇంట్లో ఆడపిల్లల్లో ఈ పని ఒక్కరికీ రాదు. ఖాలా నేర్పలేదు. అడిగిన ప్రతిసారీ "పోయి చదువుకోండి" అని తరిమేది. ఎందుకో అప్పట్లో మాకు అర్థం కాలేదు. చివరికి నేనే అన్నాను, నేను అల్లుతాను, పక్కన కూర్చుని చెప్పు అని. ఖాలా నవ్వింది. "మగాడివి, నీకెందుకురా?"

"రేవులో వలలు అల్లేది మగాళ్లే కదా ఖాలా."

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. అలా మొదలైంది.

అమలాపురం నుంచి బెండమూర్లంక మీదుగా వెళ్తే రోడ్డు అయిపోయే చోట ఉంటుంది ఓడలరేవు. ఒక పక్క వైనతేయ గోదావరి, ఇంకో పక్క సముద్రం. ఇప్పుడు ఓఎన్‌జీసీ టెర్మినల్ దీపాలు రాత్రంతా వెలుగుతుంటాయి గానీ, నా చిన్నప్పుడు ఆ దిక్కున చీకటీ అలల చప్పుడే ఉండేవి. ఖాలూకు సైకిల్ షాపు. వేసవి సెలవులకు మేం పిల్లలమంతా అక్కడే. ఖాలా అరుగు మీద కూర్చుని సూది తిప్పుతూనే మాకు అన్నాలు పెట్టేది, తిట్టేది, నమాజ్‌కు తరిమేది. ఆ సూది చేతిలో లేని ఖాలా నాకు గుర్తు లేదు.

కుట్టు మీద ఆమెకు ఎందుకంత నఫ్రత్ అంటే దానికి ఒక తారీఖు ఉంది. 1996 నవంబర్ 6. కోనసీమ వాళ్లకు ఆ రాత్రి గురించి వేరే చెప్పనక్కర్లేదు. తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకెళ్లిన మత్స్యకారులు ఎంతోమంది తిరిగి రాలేదు. నిలబడ్డ కొబ్బరితోట నిలబడ్డట్టే నేలకు ఒరిగిపోయింది. ఖాలా ఇంటి పెంకులు ఎగిరిపోయి తెల్లారేదాకా వాన ఇంట్లోనే కురిసింది.

మా నానీ ఖురాన్ షరీఫ్ అప్పుడు ఆ ఇంట్లో తాక్ మీద ఉంది, ఆకుపచ్చ మఖ్మల్ జుజ్దాన్‌లో. తెల్లారి దించి చూస్తే కాగితం నీళ్లు తాగి ఉబ్బిపోయింది. లోపల్నుంచి తోస్తుంటే మఖ్మల్ చిరగలేదు, కుట్టు విడిపోయింది. అదీ మూలల దగ్గర. రెండు కుట్లు వచ్చి కలిసేది అక్కడే, ఒత్తిడంతా పడేది అక్కడే. బయటికి పొడుచుకొచ్చిన మూలల దగ్గరే పేజీలు నుజ్జయ్యాయి. చదవడానికి వీల్లేని వాటిని ఖాలూ తెల్లగుడ్డలో చుట్టి, అదబ్‌తో ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశాడు. మిగిలినవి జిల్ద్‌సాజ్ దగ్గరికి వెళ్లి కొత్త అట్టతో తిరిగొచ్చాయి.

"బట్ట దగా చేయలేదు. అతుకు దగా చేసింది," అనేది ఖాలా. ఆ ఏడాదే మొదటి కుట్టులేని జుజ్దాన్ అల్లింది. అల్లికకు వాన ఆగుతుందని కాదు, నూలు నూలే కదా, తడుస్తుంది. కానీ లోపలిది ఉబ్బితే ఒక్కో కన్నూ కాస్త కాస్త సాగి ఒత్తిడిని పంచుకుంటుంది. విడిపోవడానికి అందులో అతుకే ఉండదు.

ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. అతుకు అన్న మాట వెనక ఇంకో కథ ఉందని మాత్రం ఈ మధ్యనే తెలిసింది.

గోదావరి డెల్టాలోకి లేసు అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. వశిష్ఠ అవతల ఉన్న నర్సాపురం దానికి కేంద్రమైంది. అక్కడి నుంచి టేబుల్ గుడ్డలూ, దిండు గలీబులూ, మేజాబరా అంచులూ విదేశాలకు వెళ్లేవి, ఇప్పటికీ వెళ్తున్నాయి. పని మాత్రం ఊళ్లలో, ఇళ్లలో, అరుగుల మీద. అదీ ముక్కలు ముక్కలుగా. ఒకరు పూలు అల్లుతారు. దాన్ని చేతిపని అంటారు. ఆ పూలను ఒకదానికొకటి కలిపేవాళ్లు వేరే. అది అతుకుపని. నూలు ఇచ్చి వెళ్లిన ఏజెంటు లెక్కపెట్టి పూలు తీసుకెళ్తాడు. పూలు అల్లిన మనిషి ఆ గుడ్డ పూర్తయ్యాక ఎలా ఉందో చూడదు.

ఖాలా ముప్ఫై ఏళ్లకు పైగా పూలు అల్లింది. ఎన్ని వేలో ఆమెకే తెలియదు. ఒక్క టేబుల్ గుడ్డ కూడా ఆమె పూర్తిగా చూడలేదు. "నా పూలు ఏ దేశంలో ఎవరి బల్ల మీదున్నాయో," అని నవ్వుతూ అంటుంది. జుజ్దాన్ ఒక్కటే ఆమె మొదటి గొలుసు నుంచి చివరి ముడి దాకా తనే అల్లి, తనే చూసి, తనే ఇచ్చిన వస్తువు. దాంట్లో అతుకుపని ఎందుకు ఉండకూడదో ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది.

నా గుట్టు ఒకటి ఇక్కడ చెప్పాలి. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు జీఐ గుర్తింపు వచ్చినప్పుడు నేను వార్త రాశాను. మిషనరీల చరిత్ర పెట్టాను, ఎగుమతుల మాట పెట్టాను, డిజైన్ల గురించి రాశాను. మంచి పేరొచ్చింది. ఓడలరేవు వెళ్లినప్పుడు ఖాలాకు చదివి వినిపించాను. అంతా విని, "బాగుంది బేటా. పూలు ఎవరు అల్లుతారో రాయలేదే," అంది.

అంతకు ముందు ఇంకొకటి జరిగింది. ఖాలూ ఇంతెఖాల్ తర్వాత ఆమె పింఛను ఫారం నేనే నింపాను. వృత్తి అన్న గడి దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా 'గృహిణి' అని రాశాను. పదేళ్ల వయసు నుంచీ ఆమె చేతిలో సూది చూస్తున్నవాణ్ణి. ఆ సూది డబ్బుతోనే ఒకసారి నా స్కూలు ఫీజు కట్టిందని తెలిసినవాణ్ణి. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ నర్సాపురం లేసు పనివాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. దాని ఉపశీర్షికలోనే 'భారతీయ గృహిణులు' అన్న మాట ఉంటుంది. ఆమె చెప్పింది ఇదే. ఆడవాళ్లను గృహిణులుగా లెక్కేస్తే వాళ్ల పని ఖాళీ వేళల కాలక్షేపం అయిపోతుంది, కాలక్షేపానికి కూలి ఎంతిచ్చినా చాలనిపిస్తుంది. ఆ పుస్తకం గురించి నేను ఎన్నో ఏళ్ల కిందే చదివాను. ఫారం నింపింది ఆ తర్వాతే.

అందుకే ఈ జుజ్దాన్ నేనే అల్లాలనుకున్నాను. దాన్ని కఫ్ఫారా అనండి, ఇంకేమైనా అనండి.

ఇక మూలల సంగతి. చదవడానికి కాస్త సబ్ర్ కావాలి, అల్లడానికి అంతకంటే ఎక్కువ కావాలి.

ఖురాన్ షరీఫ్ కొలత ఏడంగుళాల ఎత్తు, ఐదంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. మాటిమాటికీ దాన్ని తీసి కొలతలకు వాడటం బేఅదబీ కాబట్టి, ఇంచుమించు అదే కొలతున్న నా డిగ్రీ రోజుల తెలుగు నిఘంటువు పెట్టుకుని అల్లాను. సంచి నిలబడే అడుగు ఐదు రెండంగుళాలు. పొడవులోంచి వెడల్పు తీసేస్తే మూడు. మూడంగుళాల గొలుసు వేసి, దాని రెండు వైపులా చుట్టూ అల్లుకుంటూ పోతే అది అన్ని దిక్కులా పెరిగి ఐదు రెండు అవుతుంది. ఈ లెక్క ఖాలా నోటి మీదే ఉంది, కాగితం అక్కర్లేదు.

చుట్టు పెద్దదవుతున్న కొద్దీ కళ్లు పెరగాలి. కన్ను అంటే సూది లాగి వేసే ఒక్కో ముడి. ఖాలా ఫందా అంటుంది. పెంచకపోతే అడుగు గిన్నెలా ముడుచుకుంటుంది, మరీ పెంచితే చీర కుచ్చిళ్లలా అలలు పడుతుంది. పొట్టి కన్నుతో గుండ్రంగా, చదునుగా రావాలంటే చుట్టుకు ఆరు పెంచాలి. నమాజ్ టోపీ నడినెత్తి భాగం అలాగే వస్తుంది. నలుపలకలుగా రావాలంటే ఎనిమిది, మూలకు రెండు చొప్పున. మూల మీదున్న ఒక్క కన్నులోనే మూడు అల్లితే ఉన్నది ఒకటి, కొత్తవి రెండు.

ఎనిమిది అని విన్నాను, ఎనిమిదే పెంచాను. కానీ ఒకే కన్నులో మూడేసి అల్లితే ముద్దలా కనిపిస్తోందని, అందంగా ఉండాలని చుట్టంతా సమానంగా పంచాను. అదే ఇడ్లీ.

"అందరికీ బరాబర్ పంచి ఇన్సాఫ్ చేశావు. మూల పోయింది," అంది ఖాలా. "పంచితే గోల్, ఒకచోట పెడితే కోనా. ఇదొక్కటి గుర్తుపెట్టుకో."

ఆ సాయంత్రం రేవు దగ్గరికి వెళ్తే ఒక పెద్దాయన విసురు వల అల్లుతున్నాడు. ఒక చేతిలో నూలు చుట్టిన సూది, ఇంకో చేతిలో కన్ను కొలతకు వెదురు బద్ద. వల మొదలు సన్నగా ఉంది, కిందికి వచ్చేకొద్దీ విశాలమవుతోంది. దాంట్లోనూ కుట్టు లేదు. చూస్తూ కూర్చున్నాను. కొన్ని కళ్లకొకసారి, దూరం తప్పకుండా, ఒక కన్ను ఎక్కువ వేస్తున్నాడు. ఒకేచోట పెంచితే ఏమవుతుందని అడిగాను. "ఆ పక్క సంచిలాగా వేలాడిపోద్దండి. విసిరితే గుండ్రంగా విచ్చుకోదు," అన్నాడు. ఖాలా చెప్పిందే, అవతలి వైపు నుంచి. ఆయనకు మూల రాకూడదు, నాకు మూల రావాలి. ఇద్దరిదీ ఒకటే హునర్, కొత్త కన్ను ఎక్కడ పెట్టాలన్నదే తేడా.

ఇంటికొచ్చి మా అమ్మాయితో చెప్పాను. ఇంటర్ ఎంపీసీ. అది ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లుగా మడిచి, ఒక గడి కత్తిరించి పారేసి, మిగిలిన మూడు గళ్ల అంచుల్ని దగ్గరికి తెచ్చింది. కాగితం లేచి పెట్టె మూలైంది.

"చూడు అబ్బా. చదునైన చోట ఒక చుక్క చుట్టూ నాలుగు లంబకోణాలు, 360 డిగ్రీలు. పెట్టె మూల చుట్టూ మూడే, 270. ఒకటి లేదు. లేనిదే మూల."

పెట్టెకు ఎనిమిది మూలలు. మూలకు 90 చొప్పున లేకుండా పోయింది మొత్తం 720 డిగ్రీలు. ఎలాంటి పెట్టె చేసినా, గుడారం లాంటిది చేసినా, మూసుకున్న ఆకారంలో ఆ లోటు మొత్తం ఎప్పుడూ 720 డిగ్రీలేనని పదిహేడో శతాబ్దంలోనే ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ గుర్తించాడట. బంతిలోనూ లోటు అంతే. కాకపోతే బంతిలో అది ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది, ఎక్కడా గుచ్చుకోదు. పెట్టెలో ఎనిమిది చోట్ల కుప్పపోసి ఉంటుంది. వేలికి తగిలేది అదే.

దీన్ని ఖాలాకు చెబితే, "ఇంత చదువు అక్కర్లేదు, మూలలో మూడు వెయ్యి," అంది.

రెండోసారి మూలలో మూడు వేశాను. అడుగు నలుపలకలుగానే మొదలైంది గానీ, ఐదారు చుట్లయ్యాక మూలలు పక్కకు జరగడం మొదలుపెట్టాయి. గాలికి తిరిగిన గొడుగులా అడుగు మెలిపడింది. ఎందుకంటే ఒకే దిక్కుగా చుట్టూ అల్లుతుంటే ప్రతి కన్నూ కిందిదాని నెత్తి మీద సూటిగా కూర్చోదు, కాస్త పక్కకు వాలుతుంది. ఒక చుట్టులో తెలియదు, పది చుట్లలో మూల తప్పిపోతుంది. దీనికి ఇలాజ్ ఖాలా పెట్టెలో ఉంది. నాలుగు ఎర్రదారం పోగులు. మూలలో వేసిన మూడు కళ్లలో నడిమిదానికి ఎర్రపోగు కట్టాలి. తర్వాతి చుట్టులో ఆ నడిమిదాంట్లోనే మళ్లీ మూడు, మళ్లీ పోగు పైకి. మనం అనుకున్న చోట కాదు, పోగు ఉన్న చోటే. మూడోసారి అడుగు పెట్టెకు సరిపోయేలా వచ్చింది, అల్హందులిల్లాహ్.

తర్వాత గోడ. అడుగు ఐదు రెండు కాగానే పెంచడం ఆపేయాలి. ఆపగానే అల్లిక తనంతట తనే పైకి తిరుగుతుంది. కానీ మెత్తగా, గంగాళం అంచులా తిరుగుతుంది. దాన్ని పెట్టె అంచులా విరవాలంటే ఒక చిట్కా ఉంది. ప్రతి కన్ను నెత్తినా జడలాగా రెండు పోగులుంటాయి. మామూలుగా సూది రెంటి కిందనుంచీ పోతుంది. ఈ ఒక్క చుట్టులో మాత్రం వెనకపోగు కిందనుంచే పోనివ్వాలి. ముందుపోగులు వదిలేసినవి వదిలేసినట్టు వరుసగా నిలబడి, అంచంతా గీత గీసినట్టు అవుతాయి. ఆ గీత దగ్గర అల్లిక విరిగి నిలబడుతుంది. నిలువు మూలలకు కూడా ఇలాంటిదే. మూల మీద పడే కన్ను ఒక్కదాన్ని కిందివరుస కన్ను నెత్తిలో కాకుండా దాని కాడ చుట్టూ తిప్పి అల్లితే, అది ముందుకు పొడుచుకొచ్చి, వరుస మీద వరుస నిలువుగీత అవుతుంది. ఏడంగుళాల గోడ ఎక్కడానికి నాకు ఐదు వారాలు పట్టింది. ఈద్ ఎడిషన్ పని మధ్యలో వచ్చింది.

ఈ ఐదు వారాల్లో ఖాలాకు కబుర్లు చెబుతూ కూర్చునేవాణ్ణి. మేం ఏదో కొత్తది చేస్తున్నామన్న గురూర్ రాకుండా, అల్లిక గురించి దొరికినవి చదివి చెప్పేవాణ్ణి. స్పెయిన్‌లో బుర్గోస్ దగ్గర లాస్ వెల్గాస్ మఠంలో ఒక షెహ్జాదా మజార్ ఉంది. ఫెర్నాందో దె లా సెర్దా, 1275లో చనిపోయాడు. ఆయన తల కింద పెట్టిన దిండుకు అల్లిన పట్టు గలీబు ఉంది. క్రైస్తవ షెహ్జాదా, కానీ దాన్ని అల్లింది ముస్లిం కారీగర్లని పండితులు అంటారు. కారణం, దాని అంచుల్లో కూఫీ అక్షరాల్లో బరకత్ అన్న అర్థం వచ్చే అరబీ మాట అల్లి ఉంది. అల్లిన ఆ కారీగర్ పేరు ఎక్కడా లేదు.

ఖాలా సేపు మాట్లాడలేదు. తర్వాత, "పేరు లేకపోతే ఏం, దువా ఉంది కదా," అంది.

జపాన్ సంగతి కూడా చెప్పాను. వకాయామాలో షిమా సైకి అని ఒక కంపెనీ ఉంది. ముందు కుట్టు అక్కర్లేని చేతి గ్లోవులు అల్లే మిషన్ చేసింది. 1995లో స్వెటర్ మొత్తాన్ని, ఒంటినీ చేతుల్నీ కలిపి, ఒకేసారి, కుట్టు లేకుండా అల్లి బయటికి తీసే మిషన్ చూపించింది. దాంట్లోనూ సూత్రం ఇదే. ఎక్కడ ఎన్ని కళ్లు పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది ముందే లెక్కగా ఇస్తే, మిషన్ ఆ లెక్క తప్పదు. ఖాలా చాలా శ్రద్ధగా విని అడిగింది, "మరి మా క్రోషే అల్లుతుందా అది?" అది అల్లేది వేరే రకం అల్లిక, బజారులో దొరికే అసలు క్రోషే ఇప్పటికీ చేతిదే అని చెప్పాను. "అయితే మిషన్‌కు రాని పనికి కూడా మాకు అంతే కూలి ఇచ్చారన్నమాట," అంది. నవ్వుతూనే అంది.

చివరిది మూత. పెట్టెకు ఎనిమిది మూలలని చెప్పాను కదా. అడుగు నాలుగూ అయ్యాయి. పైన వెనకవైపు రెండూ మూత మడతతోనే వచ్చేస్తాయి. ముందువైపు రెండే అసలు ఇమ్తెహాన్. గోడ పూర్తయ్యాక నూలు తెంపకుండా, వెనకగోడ మీది ఐదంగుళాల వరకే ముందుకీ వెనక్కీ అల్లుకుంటూ రెండంగుళాలు రావాలి. మొదటి వరుస వెనకపోగులో. అదే మడత. ఇక మూతకు మూడు వైపులా, కుడి పక్క, ముందు, ఎడమ పక్క, ఒక అంగుళం గోడ దించాలి, అగ్గిపెట్టె మూతలా. పక్క అంచుల్లో కళ్లు ఉండవు, వరుసల చివర్లు ఉంటాయి. వాటిలోంచి సూదితో కొత్త కళ్లు ఎత్తుకోవాలి. మూల తిరిగేటప్పుడు ఒక్కటి కూడా పెంచకూడదు. పెంచితే గోడ నిలబడక చదునుగా పరుచుకుంటుంది. "మూలలో ఒకటి మింగెయ్," అనేది ఖాలా. అంటే రెంటిని కలిపి ఒకటి చేసెయ్యి అని. అప్పుడే ముక్కు తేలుతుంది.

పోయిన ఆదివారం పూర్తి చేసి పట్టుకెళ్లాను. ఈసారి మా అమ్మాయి కూడా వచ్చింది. ఖాలా మళ్లీ ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో తడిమింది. అడుగు నాలుగు మూలల దగ్గరా వేలు ఆగింది. వెనక రెండూ, ముందు కుడిదీ బాగున్నాయి. ముందు ఎడమ మూల దగ్గర వేలు ఆగి, అక్కడే అటూ ఇటూ కదిలింది.

"కుడి పక్కన ఎన్ని ఎత్తుకున్నావు?"

"ఇరవై."

"ఎడమ పక్కన?"

లెక్కపెట్టాను. ఇరవై రెండు. కళ్లతో చూస్తే తేడా ఏమీ తెలియదు. రెండే రెండు కళ్లు ఎక్కువై మూల కాస్త ఉబ్బింది, అంతే. వదిలేద్దామా అని నా మొహంలో కనబడి ఉంటుంది, కనబడకపోయినా నా ఖామోషీలో వినబడి ఉంటుంది. ఖాలా చివరి ముడి వెతికి పట్టుకుని విప్పి, నూలు కొస లాగింది. వరుస తర్వాత వరుస, మూత గోడ మొత్తం, నా మూడు రాత్రుల పని, నిమిషంలో ఆమె ఒళ్లో తెల్లటి నూలు కుప్పయింది.

"కుట్టు ఉంటే కత్తెర కావాలి, గుడ్డకు గాటు పడుతుంది," అంది. "దీనికి ఏం కాదు. ఎంత తప్పు చేశావో అంతే విప్పుకోవచ్చు."

కుడి పక్క, ముందు పక్క నేను మళ్లీ అల్లాను. ఎడమ మూల దగ్గరికి రాగానే సూది ఇటివ్వమంది. మోకాలి మీద దిండు పెట్టుకుని, దాని మీద మణికట్టు ఆనించింది. వణుకు పూర్తిగా పోలేదు, కాస్త తగ్గింది. సూది మొదటి కన్నులోకి నాలుగోసారికి దూరింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది. ఆ మూల తిప్పడానికి పన్నెండు కళ్లు. ఒకప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ నిమిషంలో వేసేది. ఆ రోజు జొహర్ అజాన్‌కు మొదలుపెడితే జమాత్ అయిపోయి జనం ఇళ్లకు వెళ్లేదాకా పట్టింది. మూలలో ఒకటి మింగేసింది. వేలితో తడిమి చూసుకుంది. సూది నాకు ఇచ్చేసింది.

వజూ చేసి వచ్చి ఖురాన్ షరీఫ్‌ను దాంట్లో పెట్టాను. మూత దించితే మూలకు మూల కూర్చుంది.

మా అమ్మాయి, "దాదీమా, నాకూ నేర్పవా?" అని అడిగింది. పోయి చదువుకో అంటుందనుకున్నాను. ఇన్నేళ్లూ అందరితో అన్నది అదే కదా.

ఖాలా నూలు ఉండ చేతిలో తిప్పుతూ కాసేపు ఆలోచించింది. "నేర్పుతా. ఒక షర్త్. ఎప్పుడైనా అమ్మితే రేటు నువ్వు చెప్పాలి. కొనేవాడు చెప్పింది కాదు. ఇంకోటి, పూలు అల్లి ఇచ్చే పని వద్దు. మొదలు నుంచి చివరిదాకా నీదే అయిన వస్తువు అల్లు."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు కాగితాలేవో తెచ్చానన్నావు?"

తెచ్చాను. లేసు పనివాళ్లకు గుర్తింపు కార్డు దరఖాస్తు. చదివి వినిపిస్తూ నింపాను. పేరు, ఊరు, వయసు అయ్యాక వృత్తి గడి దగ్గర కలం ఆపి, ఏం రాయమంటావని అడిగాను. ఆమె చెప్పినట్టే రాశాను.